కలిపే చెయ్యి

అన్నం మెత్తగా ఉడకాలి. అంతవరకు సన్యాసికి తెలుసు. మెతుకు వేళ్ల మధ్య నలిగితే చాలదు, నలిగిన సంగతి వేళ్లకి తెలియకూడదు, అంత మెత్తగా. ఆ తరవాతది తెలియదు. పెళ్లాం అంకమ్మ పాలు ముందు పోసేదో పెరుగు ముందు వేసేదో, ఉప్పు వేడి మీద చల్లేదో చల్లారాక చల్లేదో, ముప్పై ఒక్కేళ్లు కళ్లెదుట జరిగిన పని, ఒక్కనాడూ చూడలేదు. మగవాడు వంటింట్లో చూసేదేముంది, కంచం చూస్తాడు, కంచంలోకి వచ్చింది తింటాడు. ఇప్పుడు యాభై ఎనిమిదో ఏట పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, కళ్లలోకి పొగ పోతుంటే, గరిటెతో అన్నం మెదుపుతున్నాడు. గరిటె కాదు, చెయ్యి పెట్టాలి, అది కూడా ఇప్పుడే గుర్తొచ్చింది. అంకమ్మ కాలుతున్న అన్నంలో చెయ్యి పెట్టి, మధ్యమధ్య వేళ్లు చన్నీళ్లలో ముంచుకుంటూ మెదిపేది. ఆ నీళ్ల చప్పుడు గుర్తుంది. మిగతాది లేదు. ఊళ్లో అలికిడి లేదు. ఈ షెమాన్ గ్రెనియే ఊరు సగానికి సగం బస్సులెక్కి దీవి రాజధాని పోర్ట్ లూయీ పోయింది, పన్నెండింటికి తెల్లవాడి జెండా దింపి మన జెండా ఎక్కిస్తారట. మిగిలిన సగం, అంటే ఆ పక్క చర్చికి పోయే క్రియోల్ ఇళ్లవాళ్లు, కిటికీ రెక్కలు మూసుకుని లోపల కూర్చున్నారు, తెల్లవాడు పోకూడదని ఓటేసినవాళ్లు, వాళ్లకి ఇవాళ పండగ కాదు. చీనావాడి కొట్లో రేడియో ఒకటే మాట్లాడుతోంది, వినేవాడు లేడు. ఇంత చెరుకు, ఇంత నిశ్శబ్దం. తెల్లారగట్ల తమ్ముడు సూరన్న వచ్చినప్పటి చప్పుడే చివరి చప్పుడు. ఇస్త్రీ చొక్కా, జేబులో కాగితం జెండా, వీధిలో లారీ హారన్ కొడుతోంది.

"రా అన్నా, చోటుంది."

"ఇవాళ మీ వదిన సంవత్సరీకం."

"తెలీదేటి నాకు? మా ఆవిడ లక్ష్మి పొద్దున్నే లేచి అన్నీ వండింది. తెచ్చిస్తాను, ఆకులో పెట్టు, దణ్ణం పెట్టు, వచ్చి లారీ ఎక్కు. నువ్వు పొయ్యికాడ కూకుంటే ఆ పొగ చూసి వదిన పైనుంచి కూడా పారిపోద్ది."

లారీలో ఎవరో నవ్వారు.

"నాకెవరి వంటా అక్కర్లేదు. పో."

"నూటేభై ఏళ్లకి వచ్చిన రోజన్నా ఇది!"

"నా రోజు ఏడాదికొక్కసారి వస్తుంది. పో."

పోయాడు. లారీలో నవ్వినవాడెవడో గొంతు బట్టి సన్యాసి పోల్చుకున్నాడు, గుర్తు పెట్టుకున్నాడు. చెరుకు ఎస్టేటులో కూలీల మీద సర్దారుగా ఇరవై రెండేళ్లు చేసిన మనిషికి గుర్తుపెట్టుకోవడం ఒక్కటే మిగిలిన పని. ఎవరు ఏ వరసలో చెరుకు సగం కొట్టి వదిలేశారో, ఎవరు వెనక నవ్వారో, ఎవరు పలకరించకుండా పోయారో, ఒక్కటీ పోదు. చిన్నప్పుడు గడ్డి పాకలో లాంతరు పెట్టి అక్షరాలు చెప్పిన వెంకయ్య మేష్టారు అనేవాడు, ఒరే సన్యాసీ, నీకు పద్యం ఒక్కటి నిలవదు గాని పక్కవాడు గిల్లింది మాత్రం నిలుస్తుందిరా అని. మేష్టారు కూడా పోయాడు. ఆయన కొట్టిన దెబ్బలు ఏ రోజువో ఇప్పటికీ చెప్పగలడు.

అన్నం పళ్లెంలో పరిచాడు. పెరుగు ముంత మూత తీశాడు. తీయగానే తెలిసింది బాగోలేదని. పెరుగు గడ్డ కట్టలేదు, చెంచాతో ఎత్తితే తీగ సాగుతోంది, పచ్చిమిరపకాయ వాసన. ఇంట్లో తోడు లేదు మరి. ఎవరినైనా అడగాలంటే మనిషి ఇంకోడి గడప ఎక్కాలి, అందుకని గోరువెచ్చటి పాలల్లో మిరపకాయ తొడిమలు వేసి ఉంచాడు, అలా కూడా తోడుకుంటుందని ఎప్పుడో విన్నాడు. తోడుకోవడం వేరు, పెరుగు కావడం వేరు. ఈ ఇంట్లో తోడు లేని రోజు ఉండేది కాదు. అంకమ్మ అమ్మమ్మ ఈ దీవికి కూలికి ఓడ ఎక్కినప్పుడు పెరుగులో తడిపి ఎండబెట్టిన గుడ్డపీలిక కొంగున కట్టుకొచ్చిందట, దిగాక ఆ పీలిక పాలల్లో వేసిందట, ఆ తోడే తల్లికి, తల్లి నుంచి కూతురికి. నిజమో కాదో, అంకమ్మ నమ్మేది. కాపురానికి వస్తూ చిన్న ముంతతో వచ్చింది, బండిలో ఒడిలో పెట్టుకుని, తొణక్కుండా, మొగుడి ముఖం కూడా చూడలేదు దారంతా, ముంత వైపే చూసింది. పోయిన ఏడు ఆమె పోయిన రోజున మైల వచ్చిందని ఇంట్లో వండినవీ కాచినవీ అన్నీ మరదలు లక్ష్మి తీసికెళ్లి చెరుకు గట్టున పారబోసింది. ముంత బోర్లించి కడిగేసింది. ఆచారం అదే, ఎవరి తప్పూ లేదు. అయినా సన్యాసి ఆ తప్పు కూడా లక్ష్మి ఖాతాలో వేశాడు. పదకొండో రోజు దాటాక పెరుగు కావాలనిపించి ముంత ఎత్తి చూస్తే లోపల పొడిగా, శుభ్రంగా ఉంది. మనిషి పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడు రాబోయింది. రానివ్వలేదు.

ఈ తీగ పెరుగే పోశాడు. పాలు కాస్త పోశాడు, ఉప్పు వేశాడు. రుచి చూడకూడదు, పోయినవాళ్లకి పెట్టేది ముందు మన నోట పడకూడదు. అల్లం తరిగాడు, బండగా వచ్చింది. పెరట్లో కరివేపాకు రెమ్మ తుంపాడు. ఈ ఊరు దాన్ని కరిపులే అంటుంది, అంకమ్మ మాత్రం చచ్చేదాకా కరేపాకే అంది. ఆవాలు, ఎండుమిరపకాయ, నూనెలో చిటచిటలాడి ముఖం మీదకి ఎగిరాయి. కలిపాడు. చేత్తోనే కలిపాడు. తన అన్నం తాను కలుపుకోవడం చేతకాని పని కాదు, ఏడేళ్లు అదే చేశాడు. ముందు ఇరవై నాలుగేళ్లు కంచంలో పెరుగన్నం కలిపే వచ్చేది, మెత్తగా, చల్లగా, పొలం నుంచి వచ్చి కూర్చుంటే చాలు, మధ్యలో చిన్న గుంట చేసి అందులో మావిడికాయ బద్ద. తరవాత ఏడేళ్లు కంచంలో ఒక పక్క అన్నం, ఒక పక్క పెరుగు, మధ్యలో గీత గీసినట్టు. ఒక్కపూట తప్పలేదు, ఒక్కపూట ఆలస్యం కాలేదు, ఉప్పు దగ్గరే ఉండేది. కలిపేది కాదు. ఒకసారి అడిగాడు, ఒక్కసారే.

"కలిపి పెట్టడానికి ఏం రోగం?"

"చేతులు నీకూ ఉన్నాయి కదయ్యా" అంది, పొయ్యి వైపు తిరిగి.

గట్టిగా కూడా అనలేదు. ఆ మాటని ఏడేళ్లు నమిలాడు. ఆడదానికి అంత పంతమా అనుకున్నాడు. తానూ తగ్గలేదు. ఆమె జ్వరంతో పడుకున్నప్పుడు జావ కాచి పక్కన పెట్టాడు, తాగించలేదు, చేతులు నీకూ ఉన్నాయి కదా అనుకున్నాడు. పైకి అనలేదు. అననందుకు తాను మంచివాడినే అనుకున్నాడు. ఆఖరి రెండు రోజులూ గిన్నె ఎత్తడానికి ఆమె చెయ్యి లేవలేదు, లక్ష్మి వచ్చి చెంచాతో పోసింది.

అరటాకు పెరటి గట్టు మీద పరిచాడు. ముద్ద చేసి పెట్టాడు. నువ్వులు, నీళ్లు. అంకమ్మా అని పిలిచాడు. ఆ పేరు పైకి అని ఎన్నాళ్లయిందో, నాలుక మీద బరువుగా ఉంది. వెనక్కి వచ్చి గడప మీద కూర్చున్నాడు. తాతలు వదిలొచ్చిన ఆ దేశంలో కాకికి పెడతారట. ఈ వైపు కాకులు లేవు, తాతల నాటి నుంచి గోరింకలకే పెడుతున్నారు, ఇక్కడ మార్తెన్లనే పసుపు ముక్కు పిట్టలకి. పిలవకపోయినా వస్తాయి అవి, పళ్లెం కడిగితే వస్తాయి, మనిషి ముందు నుంచే మెతుకు ఎత్తుకుపోతాయి. మూడు వచ్చాయి. ఒకటి ఆకు అంచు మీద నిలబడింది, తల వంచింది, ముక్కు పెట్టింది, తీసింది, ముక్కుని గట్టుకేసి అటూ ఇటూ రాసుకుంది. ఎగిరిపోయింది. మిగతా రెండూ దాని వెనకే. వెళ్లి పక్క పెరడు కంచె మీద వాలి ఇటు తిరిగి కూర్చున్నాయి. పక్షి ముట్టేదాకా ఇంటివాడు తినకూడదు. ముట్టకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో ఉండిపోయిందని. అదేదో చేస్తానని మాటిస్తే అప్పుడు ముడుతుంది. గోపాల్ పంతులు నిన్న గుడి దగ్గర తోరణాలు కడుతూ అన్నీ చెప్పాడు, నేను రాలేను సన్యాసన్నా, జెండా పూజ ఉంది, నువ్వే పెట్టుకో, నీ చేత్తోనే కలుపు, గోత్రం తెలీకపోయినా ఫర్వాలేదు గాని పేరు మాత్రం పిలవాలి, పేరు పిలవని ముద్ద ఊరికే అన్నం.

ఏం ఉండిపోయింది నీ మనసులో అని అడగనక్కర్లేదు. తెలుసు. ఎనిమిదేళ్లుగా తెలుసు. తెలియనట్టు కూర్చోవడానికే ఇంత కోపం కావలసి వచ్చింది.

ఆ తుఫాను. కారోల్ అని దానికో ఆడపేరు పెట్టారు. పొద్దున్నుంచి గాలి, చెరుకంతా నేలకి వంగిపోయింది, రేకులు కత్తుల్లా ఎగురుతున్నాయి. సర్దారు ఇల్లు గనక రాతి గోడలు, తలుపుకి ఇనప గడియ. ఆవుని, దూడని ముందుగదిలోకి తెచ్చి కట్టేశాడు, ఆవు భయంతో పేడ వేసింది, గది నిండా దాని ఊపిరి. మధ్యాహ్నానికి గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. తుఫాను కన్ను వచ్చింది. ఆకు కదలడం లేదు. ఎండ కూడా కాసింది, కిటికీ సందులోంచి వచ్చి ఆవు వీపు మీద పడింది. ఆ నిశ్శబ్దంలో తలుపు చప్పుడు.

"ఉవేర్, సర్దార్! ఉవేర్!" తియ్యమని. పక్కింటి మిషెలిన్. ఆమె రేకుల ఇల్లు అప్పటికే లేదు. మొగుడు జీన్ క్యూర్‌పైప్‌లో తాపీ పనికి పోయి అక్కడే చిక్కుపడ్డాడు. చంకలో మూడేళ్ల పిల్ల. ఆ పిల్ల గొంతు కూడా వినిపించింది, రోజూ మధ్యాహ్నం కంచె దగ్గరికొచ్చి 'కాయే, కాయే' అని అరిచే గొంతే. పెరుగుని వాళ్లు దిలే కాయే అంటారు. అంకమ్మ తన కంచంలోంచి పెరుగన్నం తీసి కంచె మీదుగా ముద్దలు పెట్టేది, పిల్ల నోరు పక్షిపిల్లలా తెరిచేది. పిల్లలు లేని ఇంట్లో ఆ పిల్ల అరుపు అంకమ్మకి గడియారం. సన్యాసికి విసుగు.

అంకమ్మ లేచి గడియ మీద చెయ్యి వేసింది.

"వద్దు. గాలి తిరుగుతుంది. తలుపు తీస్తే కప్పు పోతుంది" అన్నాడు. గాలి లేదు. ఎండ ఉంది. ఆ మాట అంటున్నప్పుడే ఆవు వీపు మీద ఎండ కనిపిస్తోంది. ఆమె గడియ లాగబోయింది. మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా. ఎందుకు? కప్పు కోసం అనుకున్నాడు. ఆవు బెదురుతుందనీ అనుకున్నాడు. ఆ రెండిటి కింద ఇంకోటి ఉంది, రెండు నెలల ముందు చీనావాడి కొట్టు దగ్గర జీన్ సర్దారు నడకని నడిచి చూపించాడు, చేతులు వెనక పెట్టి, పొట్ట ముందుకి తోసి, కొట్టు కొట్టంతా నవ్వింది. ఆ నవ్వు తలుపుకి అడ్డంగా పడి ఉంది. దాన్ని తియ్యలేకపోయాడు. తలుపు కొట్టడం ఎంతసేపో, ఆవుకి దడ తగ్గి నెమరు వేసేంతసేపు. తరవాత ఆగింది. తరవాత గాలి అవతలి వైపు నుంచి వచ్చింది.

తల్లీ పిల్లా రోడ్డు కింద తూములో దూరారట. నడుం లోతు మురుగునీళ్లు, పిల్ల ఆ నీళ్లు తాగింది. మర్నాటికి వాంతులు, విరేచనాలు, రోడ్లన్నీ చెట్లు పడి ఆసుపత్రికి దారి లేదు. కడుపులో ఏదీ నిలవలేదు, అంకమ్మ కలిపి తెచ్చిన పెరుగన్నం నాలుగు మెతుకులు తప్ప. ఆ ఆవు పాలే, ఆ పెరుగే. మణికట్టు చుట్టూ నల్లగా కమిలిన చేత్తోనే పెట్టింది. పందొమ్మిది రోజులు అటూ ఇటూ తిరిగింది. ఇరవయ్యో రోజు పిల్లని పూడ్చాక ఇంటికి వచ్చి, చెయ్యి కడుక్కుని, ఆవుకి కుడితి పెట్టి, ఆయన వైపు చూడకుండా అంది.

"ఆవుని లోపల కట్టినావు గదయ్యా."

అంతే. ఆ తరవాత దాని గురించి ఏడేళ్లలో ఒక్క మాట లేదు. ఆ సాయంత్రం కంచంలో ఒక పక్క అన్నం, ఒక పక్క పెరుగు. ఏటా పెద్దలకి పెట్టే రోజున మాత్రం, ముద్దలన్నీ పెట్టాక, ఆకు చివర ఉసిరికాయంత ముద్ద ఒకటి పెట్టి పెదవులు కదిపేది. ఎవరికి అని ఆయన అడగలేదు. పెదవుల మీది పేరు వినడానికి దగ్గరికి పోలేదు. పిల్ల పేరు ఆయనకి తెలియదు. కంచె అవతల మూడేళ్లు పెరిగిన పిల్ల. అంకమ్మ బుజ్జీ అనేది, అది పేరు కాదు, దారిన పోయే ప్రతి పిల్లా ఆమెకి బుజ్జే.

గోరింకలు కంచె మీదే ఉన్నాయి. ఎండ ఆకు మీదకి వచ్చింది, తీగ పెరుగు అంచుల్లో నీరు వదులుతోంది. సన్యాసి లేచాడు. కంచె దాకా పద్నాలుగు అడుగులు, ఎనిమిదేళ్లలో అటు వెయ్యనివి. గోరింకలు ఎగిరి పక్కకి జరిగాయి. మిషెలిన్ కిటికీ రెక్క ఓరగా ఉంది. లోపల ఆమె బియ్యం ఏరుతోంది. జుట్టు నెరిసింది. నెరవడం కూడా చూడలేదు ఇన్నాళ్లూ. కిటికీ గట్టు మీద చిన్న మట్టి ముంత, మీద తెల్ల గుడ్డ వాసెన కట్టి ఉంది. ఆ ముడి చూశాడు. రెండు చుట్లు తిప్పి కొస లోపలికి దోపిన ముడి. ఆ ముడి వేసే మనిషి పోయి ఏడాదయింది.

"మిషెలిన్" అన్నాడు. క్రియోల్‌లోనే అన్నాడు మిగతాదంతా, సర్దారు గొంతు రాలేదు. "ఇవాళ మా ఆవిడ సంవత్సరీకం."

"తెలుసు. పొద్దున చర్చిలో దీపం పెట్టాను." బియ్యం మీంచి తల ఎత్తలేదు. "ఏం కావాలి సర్దార్? ఇవాళ మీ జెండా రోజు కదా, వెళ్లలేదా?"

"పిల్ల పేరు కావాలి."

ఆమె చేతులు ఆగాయి.

"నీ పిల్ల పేరు. ముద్ద పెట్టాలి. పేరు పిలవాలి."

తల ఎత్తి చూసింది. కోపంగా కాదు, కోపం అయితే సన్యాసికి తెలిసిన సంగతే, కోపంగానే తిరిగి చూడగలడు. అతని వెనక ఉన్న ఇంటిని, ఆ ఇంటి తలుపుని చూస్తున్నట్టుంది. తరవాత లేచి ముంత ముడి విప్పి, గిన్నెలోకి పెరుగు తీసింది. గడ్డగా, తెల్లగా, చెంచా దిగితే గోడ నిలిచే పెరుగు.

"మీ ఆవిడ నాకు తోడు ఇచ్చింది, కంచె మీదుగా, ఆ ఏడు. రోజూ తోడు పెడుతున్నాను. ఒక్కరోజు మానలేదు." గిన్నె కిటికీలోంచి చాపింది. "పెరుగు మీ ఇంటిది. తీసుకెళ్లండి."

"పేరు..."

"పేరు మా ఇంటిది. మీ ఆవిడకి చెప్పాను. మీకు చెప్పను."

"మిషెలిన్, నేను ఆ రోజు..."

"వద్దు, సర్దార్." రెక్క మూసింది. లోపల గడియ పడిన చప్పుడు. చిన్న గడియే, కర్రది. చాలా మెల్లగా వేసింది.

గిన్నె రెండు చేతుల్తో పట్టుకుని, తొణక్కుండా వచ్చాడు. డేక్సాలో అన్నం ఇంకా ఉంది, అడుగున వెచ్చగా. ఈసారి గరిటె తియ్యలేదు. పక్కన చెంబులో చన్నీళ్లు పెట్టుకుని చెయ్యి పెట్టాడు. అరచెయ్యి అడుగుతో నొక్కి, వేళ్లతో దగ్గరికి తీసి, మళ్లీ నొక్కి. కాలింది, చన్నీళ్లలో ముంచాడు, ఆ చప్పుడు విన్నాడు. చెయ్యి పెట్టాక చెయ్యే చెప్పింది, ముందు పాలు, అన్నం పాలు తాగాక పెరుగు, లేకపోతే ఎండలో గంటకే పులిసిపోతుంది. ఉప్పు చివర, పైన కరివేపాకు రెబ్బ. పెరుగు వాసన లేచింది, పుల్లగా కాదు, ముంతలోంచి వచ్చే ఆ చల్లటి మట్టి వాసన, బండిలో ఒడిలో పెట్టుకొచ్చిన ముంత వాసన. నోట్లో నీళ్లూరాయి. ఈ రకంగా కలిపింది తిని ఎనిమిదేళ్లు. వేలు నోటి దాకా పోయింది. ఆపాడు, రుచి చూడకూడదు. ఉప్పు సరిపోయిందో లేదో ఇక తెలియదు. ఇదే చెయ్యి. గడియ మీంచి ఆమె చేతిని లాగింది ఈ చెయ్యే, ఈ నాలుగు వేళ్లూ ఈ బొటనవేలూ, వాటి అచ్చులు పందొమ్మిది రోజులకి కూడా పోలేదు ఆమె ఒంటి మీంచి. ఆమె చెయ్యి తనకి అన్నం కలపడం మానేసిందని ఏడేళ్లు దాని మీద కోపం పెట్టుకున్నాడు.

పాత ఆకు తీసి కొత్తది పరిచాడు. పెద్ద ముద్ద పెట్టాడు. అంకమ్మా. మళ్లీ పిలిచాడు. ఆకు చివర ఉసిరికాయంత ముద్ద పెట్టాడు. పెదవులు తెరిచాడు. అక్కడ ఏమీ లేదు. కాయే, కాయే అని ఒక గొంతు తప్ప ఏమీ లేదు. బుజ్జీ అనబోయాడు, అది అంకమ్మ మాట, తనది కాదు, తన నోటికి ఆ హక్కు ఎక్కడిది. నీళ్లు ఊరికే వదిలాడు. గడప మీదకొచ్చి కూర్చున్నాడు.

కొట్లో రేడియో ఒక్కసారిగా హోరెత్తింది, వేలమంది అరుపు, బ్యాండు, ఎవరో వణుకుతున్న గొంతుతో ఏదో చెబుతున్నారు. దింపేశారు, ఎక్కించేశారు. చీనావాడి కుక్క మొరిగింది. కంచె మీంచి ఒక గోరింక దిగింది. ఆకు మీద నడిచింది, పెద్ద ముద్దని దాటుకుని చివరికి పోయింది, చిన్న ముద్దని ముక్కుతో పొడిచి, సగం విరిచి, మింగింది. రెండోది వచ్చింది. మిగతా సగం అది తీసుకుంది. మూడోది ఆకు మీద రాలిన మెతుకులు ఏరింది. తరవాత మూడూ ఎగిరి మిషెలిన్ ఇంటి కప్పు మీద వాలాయి.

సన్యాసి కదలలేదు. వస్తాయి, మళ్లీ వస్తాయి. రేడియో అరుపులు తగ్గాయి, పాటలు మొదలయ్యాయి, అవీ ఆగాయి. ఎండ ఆకు మీంచి గట్టు మీదకి జరిగింది. పెద్ద ముద్ద అలాగే ఉంది, తెల్లగా, మీద కరివేపాకు రెబ్బ వాడి, ఒకటి రెండు ఈగలు. పక్షి ముట్టేదాకా ఇంటివాడు తినకూడదు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు, పక్కనే డేక్సాలో అన్నం, చల్లగా, మెత్తగా, కలిపి ఉంది. చెయ్యి కడుక్కోలేదు. అంటుకున్న పెరుగు మణికట్టు దగ్గర ఎండి, మెల్లగా బిగుసుకుంటోంది.